తొండకు వేసిన మిడతలు యాడివి?



ఈ నెల మన గోడపత్రికలో సైన్సు పేజీ రాసే వంతు నాది. మొదట చంద్రగ్రహణం గురించి రాద్దామని బొమ్మ కూడా గీసి పెట్టుకున్నాను. కానీ మన హాస్టల్లో తొండ చచ్చిపోయిన సంగతి మీకందరికీ తెలుసు. దాని గురించి తలా ఒక మాట అంటున్నారు. జిల్లేడు మిడత తిని చచ్చిందని కొందరు, దిష్టి తగిలిందని కొందరు, అట్టపెట్టెలో ఊపిరాడలేదని కొందరు. ఆ తొండను పట్టి పెట్టెలో పెట్టిన ముగ్గురిలో నేనొకణ్ణి. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. గ్రహణం వచ్చే నెల.

సంక్రాంతి సెలవులకు పోయి వచ్చినాక ఒక ఆదివారం పూట, బడి వెనక సరుగుడు తోపు కంచె మీద ఆ తొండ దొరికింది. సబ్బుల అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, లోపల ఇసుక పోసి, ఒక పుల్ల నిలబెట్టి దాన్ని అందులో వదిలినాం. నాలుగు రోజులు బాగానే ఉంది. ఆటస్థలంలో పట్టిన చీమలు, ఈగలు, చిన్న మిడతలు వేస్తే గబుక్కున నాలుక చాపి తినేది. పక్కనున్న బొమ్మలో గొంతు ఎర్రగా వేసినాను గానీ నిజానికి మా తొండ గొంతు అట్లా లేదు. అది మగ తొండకు జత కట్టే కాలంలో వచ్చే రంగు. ఆ ఎరుపు చూసే తొండ దూరం నుంచి మన రక్తం పీలుస్తుందని చిన్నపిల్లలు రాళ్లతో కొడతారు. అది వట్టి అబద్ధం. దానికి మన రక్తంతో పనే లేదు.

ఐదో రోజు ఆటస్థలంలో మిడతలు కరువైపోయినాయి. అంతకు ముందు గంటసేపు పరిగెత్తినా ఐదో ఆరో దొరికేవి. ఆరో తరగతి చదివే మా తమ్ముడు "నేను తెస్తా ఉండు అన్నా" అని వరిచేను గట్టు మీదికి పోయి, పది నిమిషాల్లో ఇరవై మిడతలు తెచ్చినాడు. మేము వాణ్ణి మెచ్చుకున్నాం. ఎంత చురుకైనోడివిరా అని వీపు తట్టినాం. వాడు పోతా పోతా జిల్లేడు చెట్టు మీద నుంచి రెండు రంగు మిడతల్ని కూడా పట్టుకొచ్చినాడు, చూడ్డానికి బాగున్నాయని. అన్నీ పెట్టెలో వేసినాం. తొండ మా కళ్లముందే ఏడు మిడతల్ని మింగింది.

సాయంత్రం స్టడీ అవర్ అయి వచ్చి చూస్తే దాని నోట్లోంచి జొల్లు కారుతా ఉంది. కాళ్లు వణుకుతా ఉన్నాయి. పుల్ల ఎక్కబోయి జారి పడింది. తెల్లారేసరికి వెల్లకిలా పడి ఉంది.

మేము ముగ్గురం ఏడుపు మొహాలతో సైన్సు సారు దగ్గరికి పోయినాం. సారు చచ్చిన తొండను ఎక్కువసేపు చూడలేదు. పెట్టెలోకి చూసి, "జిల్లేడు మిడతలు ఎన్ని వేసినారు?" అని అడిగినారు. రెండు అన్నాం. "ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?" లెక్కపెట్టినాం. రెండూ ఉన్నాయి, బతికే ఉన్నాయి. తొండ వాటిని ముట్టనే లేదు. మరి తినని మిడత ఎట్లా చంపుతుంది? దిష్టి సంగతి సారు అడగనే లేదు, నేనూ వదిలేస్తున్నాను.

అప్పుడు సారు తమ్ముణ్ణి పిలిచి, "యాడ పట్టినావు నాయనా ఈ మిడతల్ని? దేంట్లో తెచ్చినావు?" అన్నారు. వాడు గొప్పగా చూపించినాడు. గట్టు మీద పడి ఉన్న ఖాళీ డబ్బా. మూత ఉంది, పట్టుకోను వీలుగా ఉంది, అందుకని అందులో వేసుకొచ్చినాడు. డబ్బా మీద క్లోరిపైరిఫాస్ అని ఉంది. ఆ చేలో ముందు రోజు పొద్దున్నే పురుగుమందు కొట్టినారని తర్వాత కూలీలు చెప్పినారు.

సారు మొహం మారిపోయింది. తొండ సంగతి పక్కన పెట్టి ముందు వాడి చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగించినారు, చొక్కా విప్పించినారు, తల నొప్పిగా ఉందా, వాంతి వస్తా ఉందా, కళ్లు మసకగా ఉన్నాయా అని అడిగి నర్సమ్మ దగ్గరికి తీసుకుపోయినారు. వాడికి ఏమీ కాలేదు. కానీ రెండు రోజులు వాణ్ణి కనిపెట్టి ఉండమని నాకు చెప్పినారు. ఆ రెండు రాత్రులు నేను సరిగా నిద్రపోలేదు.

ఇక పాఠంలోకి వస్తాను.

క్లోరిపైరిఫాస్ అనేది ఆర్గానోఫాస్ఫేట్ అనే జాతి మందు. ఇది ఎట్లా చంపుతుందో తెలిస్తే తొండకు జొల్లు ఎందుకు కారిందో తెలుస్తుంది. మన శరీరంలో నరము కండరానికి "కదులు" అని చెప్పవలసి వచ్చినపుడు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. కండరం కదులుతుంది. వెంటనే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము వచ్చి ఆ రసాయనాన్ని తుడిచేస్తుంది, కండరం ఊరుకుంటుంది. ఈ జాతి మందులు ఆ తుడిచే ఎంజైమును పట్టి కట్టేస్తాయి. అప్పుడు ఏమవుతుంది? మన బడి కరెంటు గంట స్విచ్చి ఒకసారి ఇరుక్కుపోయింది గుర్తుందా? మోగుతానే ఉండింది గదా, అట్లాగే. కండరం వణుకుతానే ఉంటుంది, లాలాజల గ్రంథులు ఊరుతానే ఉంటాయి. చివరకు ఊపిరి తీసే కండరాలు అలిసిపోతాయి. ఈ ఎంజైము మిడతకూ ఉంది, తొండకూ ఉంది, కాకికీ ఉంది, మా తమ్ముడికీ ఉంది. మందుకు ఎవరు ఎవరో తెలియదు.

ఇక్కడ ఒక సంగతి బాగా గమనించండి. గంటకు ఆరు దొరికే మిడతలు ఆ రోజు పది నిమిషాల్లో ఇరవై ఎందుకు దొరికినాయి? మా తమ్ముడు చురుకైనోడని కాదు. ఆ మిడతలు మందగించిపోయినాయి. ఎగరలేక, దూకలేక గట్టు మీద తూలుతా ఉన్నాయి. అంటే, మనకు తేలికగా దొరికే పురుగే అన్నిటికన్నా ప్రమాదమైన పురుగు కావచ్చు. మనకే కాదు, పిట్టకైనా తొండకైనా అంతే. వేటాడే ప్రతి జీవీ పరిగెత్తే దాన్ని వదిలి తూలే దాన్నే ముందు పట్టుకుంటుంది.

ఇది మన ఒక్క బడి వెనకే జరిగింది కాదు. స్వెయిన్‌సన్ డేగ అని ఒక పక్షి ఉంది. అది ఉత్తర అమెరికాలో గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తుంది, అక్కడ చలి వచ్చేటప్పటికి దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దాకా ఎగిరి పోతుంది. అక్కడ దాని తిండి ముఖ్యంగా మిడతలే. అమెరికాలో ఈ డేగలు తగ్గిపోతున్నాయి ఎందుకని శాస్త్రవేత్తలు కొన్ని పక్షులకు చిన్న ట్రాన్స్‌మిటర్లు కట్టి, ఉపగ్రహం సాయంతో యాడికి పోతున్నాయో చూసినారు. 1995లో ఆ జాడ పట్టుకొని అర్జెంటీనా పోయి చూస్తే చేలల్లో, చెట్ల కింద వందల డేగలు చచ్చి పడి ఉన్నాయి. ఆ మరుసటి సీజనులో ఐదు వేలకు పైగా కళేబరాలు తేలినాయి. మొత్తం ఇరవై వేల దాకా చచ్చి ఉంటాయని అంచనా వేసినారు. కారణం, మిడతల్ని చంపను రైతులు కొట్టిన మోనోక్రోటోఫాస్. డేగ మీద ఎవరూ మందు కొట్టాలని అనుకోలేదు. అది మిడతల్ని తిన్నది, అంతే. కొన్ని డేగలు చేలో మిడతలు తింటుండగానే పైన మందు పడి తడిసినాయి కూడా. తర్వాత ఆ ప్రాంతంలో ఆ మందు వాడకం ఆపించినారు.

ఉపగ్రహం అంటే మనకు కొత్త కాదు. శ్రీహరికోట నుంచి రాకెట్టు పోయిన రోజు మన బడి మేడ మీద నుంచి పొగ చార చూస్తాం గదా. అట్లా పైకి పోయిన యంత్రం ఒకటి చచ్చిన డేగ జాడ చూపించిందంటే నాకు చాలా ఆశ్చర్యమేసింది.

అదే మోనోక్రోటోఫాస్ మన దేశంలో ఏం చేసిందో కూడా రాయాలి. 2013 జూలై 16న బీహార్ రాష్ట్రం సారన్ జిల్లా గండామన్ గ్రామంలో, బడిలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లల్లో 23 మంది చనిపోయినారు. వండిన నూనెలో ఆ మందు ఉందని పరీక్షలో తేలింది. మన దేశంలో 2005 నుంచే ఆ మందు కూరగాయల మీద కొట్టరాదని నిషేధం ఉంది. 2023లో దాన్ని మానిపించేందుకు కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు కూడా ఇచ్చింది. సారు ఈ సంగతి చెప్పేటప్పుడు మా తమ్ముడి చేతిలో ఉన్న డబ్బా నాకు గుర్తొచ్చింది. మన ఇళ్లలో ఎంతమంది అట్లాంటి డబ్బాల్ని కడిగి నీళ్లు పోసుకోను, కిరసనాయిలు పోసుకోను వాడుతున్నారో మీరే ఆలోచించండి. కడిగితే వాసన పోతుంది గానీ మందు మొత్తం పోదు.

డబ్బా మీద ఒక గుర్తు ఉంటుంది. నలుచదరాన్ని ఒక మూల మీద నిలబెట్టినట్టు ఉంటుంది, దాని కింది సగానికి రంగు వేసి ఉంటారు. కింద నేను రంగు పెన్సిళ్లతో నాలుగూ గీసినాను. ఎరుపు అంటే అతి తీవ్రమైన విషం, పసుపు అంటే తీవ్రమైన విషం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ వాటికన్నా తక్కువ. ఆకుపచ్చ ఉంది గదా అని మంచిది అనుకోకూడదు, అదీ విషమే. మేము తెచ్చిన డబ్బా మీద పసుపు ఉంది. చదవడం రాని అమ్మానాయనలకు కూడా ఈ రంగులు చెప్పవచ్చు.

ఇక జిల్లేడు మిడత సంగతి. చంపిన నేరం దాని మీద లేదు గానీ అది మంచిదని కాదు. దాని ఒంటి మీద పసుపు, నీలిపచ్చ చారలు ఉంటాయి. జిల్లేడు పాలలో గుండెను దెబ్బతీసే విషాలు ఉన్నాయి. మేక కూడా జిల్లేడును అంతగా ముట్టదు. ఈ మిడత ఆ ఆకునే తిని, ఆ విషాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది. ముట్టుకుంటే ఒక్కొక్కసారి చెడ్డ రసం చిమ్ముతుంది. ఆ మెరిసే రంగులు అందం కోసం కాదు, నన్ను తింటే నీకే నష్టం అని రాసి పెట్టుకున్న బోర్డు. జిల్లేడు మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో ఉండే గొంగళిపురుగు కూడా అంతే, తర్వాత అది నారింజరంగు సీతాకోకచిలుక అవుతుంది. బెండ పూల మీద, పెసర పూల మీద వాలే నలుపు-నారింజ పట్టీల పెంకుపురుగు ఇంకొకటి. దాని రసం తగిలితే మన చర్మం బొబ్బలెక్కుతుంది. ఆ విషం పేరు కాంథారిడిన్.

మిణుగురు కథ నాకు బాగా నచ్చింది. అమెరికాలో కొందరు ఆస్ట్రేలియా దేశపు గడ్డపు తొండల్ని ఇంట్లో పెంచుతారు. పాపం ముద్దుగా పెంచుకునే తొండకు పెరట్లో మిణుగురులు పట్టి వేసినారు. అది తిని కాసేపటికే చచ్చిపోయింది. ఇట్లాంటివి కొన్ని చూసి 1999లో శాస్త్రవేత్తలు ఒక వ్యాసం రాసినారు. ఆ మిణుగురులో కప్పల విషం లాంటి విషం ఉందంట. అమెరికా తొండలకు మిణుగురు సంగతి తెలుసు, ముట్టుకోవు. ఆస్ట్రేలియా తొండకు తెలియదు. దాని దేశంలో అట్లాంటిది తగల్లేదు. మరి మన తొండ జిల్లేడు మిడతల్ని ఎందుకు ముట్టలేదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అది ఈ నేల మీద పుట్టింది. కానీ పురుగుమందు కొట్టిన మిడత మామూలు మిడత లాగే ఉంటుంది. దానికి బోర్డు లేదు. ఎన్ని వేల ఏండ్లుగా ఈ నేల మీద ఉన్న తొండకైనా అది తెలియదు.

పురుగుల కడుపులో పురుగులు కూడా ఉంటాయి. బొద్దింకల ద్వారా బల్లుల ఊపిరితిత్తుల్లోకి చేరి అక్కడే కాపురం పెట్టే ఒక రకం పరాన్నజీవి ఉంది. పైగా హాస్టల్లో బొద్దింకలకు మందు కొడతారు, కాబట్టి వంటగది బొద్దింకను దేనికీ వేయకూడదు. గోడలకు చెదల మందు పెట్టిన చోట చెదలు తట్టి కోడిపిల్లలకు వేసే వాళ్లు కూడా జాగ్రత్త. చెదలకు కొట్టేదీ చాలాసార్లు ఈ క్లోరిపైరిఫాసే.

మరి పెంచేవాళ్లు ఏం చేస్తారు? బయట దేశాల్లో కీచురాళ్లను, పిండి పురుగుల్ని డబ్బాల్లో పెంచి వాటినే వేస్తారు. అక్కడా ఇబ్బంది ఉంది. ఒకే రకం పురుగు రోజూ వేస్తే కాల్షియం చాలక ఎముకలు మెత్తబడి వంకర పోతాయి. అందుకని కాల్షియం పొడి అద్ది వేస్తారు, ఎండ తగిలేటట్టు చూస్తారు. ఎండ లేకపోతే తిన్న కాల్షియం కూడా ఎముకకు పట్టదు. పురుగు తొండ రెండు కళ్ల మధ్య దూరం కన్నా పెద్దది కాకూడదని ఇంకో లెక్క. ఇదంతా చూస్తే మా సబ్బుల పెట్టె ఎంత పనికిమాలినదో తెలిసింది. లోపల ఎండే లేదు.

అసలు మనం పట్టకూడని జంతువులు ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉడుమును పట్టడం, పెంచడం, చంపడం నేరము. ఊసరవెల్లికి కూడా చట్టం రక్షణ ఉంది. తొండ అయినా కంచె మీద ఉంటేనే దానికి సుఖం. ఒకవేళ కుక్క కరిచిందో, కాలు విరిగిందో, ఒకటి రెండు రోజులు కాపాడవలసి వస్తే, మందు కొట్టని చోట పట్టిన చిన్న పురుగుల్ని, రకరకాలవి, బాగా ఎగిరేవి దూకేవి మాత్రమే వేయండి. చేతికి ఊరికే దొరికినదాన్ని వదిలేయండి. మందు కొట్టిన చేను, దాని గట్టు, దాని కాలువ ఆ పంట కోసేదాకా వద్దు. పట్టిన తర్వాత చేతులు కడగండి.

ఇదంతా రాసినాక మా ఇల్లు గుర్తొచ్చింది. తొలకరి వాన పడిన రాత్రి మా అవ్వ దీపం కింద నీళ్ల బేసిను పెట్టి ఉసిళ్లు పట్టి, రెక్కలు రాల్చి, వేయించి, బొరుగుల్లో కలిపి పెడుతుంది. ఎంత రుచో తిన్నవాళ్లకు తెలుసు, తిననివాళ్లు నవ్వినా ఫరవాలేదు. మా తాత చేలల్లో ఎలుకలు పడతాడు. కలుగులోకి కుండతో పొగ ఊది, తవ్వి, ఎలుకల్నీ అవి దాచిన వడ్లనూ తెస్తాడు. ఎలుకల మందుల్లో నల్లగా ఉండే జింక్ ఫాస్ఫైడ్ ఉంది, తిన్న ఎలుక కడుపులో అది విషవాయువు అవుతుంది. బ్రోమాడయోలోన్ అని ఇంకొకటి ఉంది, అది తిన్న ఎలుక కొన్ని రోజులు తిరుగుతానే ఉండి చస్తుంది. ఆ రోజుల్లో దాన్ని పట్టి తిన్న గుడ్లగూబకో, పిల్లికో, మనిషికో ఆ మందు చేరవచ్చు.

పోయిన ఆదివారం నాయన చూడను వచ్చినప్పుడు తాతతో ఫోనులో మాట్లాడించినాడు. ఈ సంగతులన్నీ చెప్పి, ఎలుకలు పట్టొద్దు తాతా అన్నాను. తాత నవ్వినాడు. "నాకు తెలియదా అబ్బోడా? మందు పెట్టిన చేలోకి నేను పోను. ముందు ఆసామిని అడుగుతా, ఏం పెట్టినావు, ఎప్పుడు పెట్టినావు అని. తూలే ఎలుకను నేను ముట్టను. మా నాయన కూడా ముట్టలేదు, అప్పుడు మందుల్లేవు, రోగం ఎలుక అని ముట్టేవాడు కాదు" అన్నాడు. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇప్పుడు కొంతమంది ఆసాములు నిజం చెప్పరు" అన్నాడు.

మా తమ్ముడు ఇప్పుడు పెట్టె మానేసినాడు. కంచె దగ్గర కూర్చొని ఇంకో తొండ ఏమేం తింటా ఉందో నోటుబుక్కులో గీతలు పెడతా ఉన్నాడు. ఇప్పటికి చీమలు 41, ఈగలు 9, మిడతలు 3, ఏమిటో తెలియనివి 6. జిల్లేడు మిడతలు సున్నా. ఆ సున్నా చుట్టూ ఎర్ర పెన్సిలుతో రెండుసార్లు గీత గీసినాడు. చూడాలనుకున్నవాళ్లు ఆరో తరగతి గదిలో వాణ్ణి అడగండి, చూపిస్తాడు.